కొత్త పట్టీ, పాత బెజ్జాలు

పట్టీ కూర్చోవడం లేదు.

మూడు రోజులుగా నాంచారయ్య దానితో కుస్తీ పడుతున్నాడు. పాత ఫియట్ కారు. దాని ఎడమవైపు ముందు తలుపు మీదుగా, నడుముకి వడ్డాణంలా పోయే స్టీలు పట్టీ. తలుపుకి ఐదు బెజ్జాలున్నాయి. పట్టీ వెనక ఐదు మేకులున్నాయి. మొదటిది దిగుతుంది. రెండోది దిగినట్టే దిగి ఆగిపోతుంది. మిగతా మూడూ ససేమిరా అంటాయి. తేడా ఎంతా అంటే చిటికెన వేలి గోరంత. ఆ గోరంత తేడాకే నాంచారయ్యకి తల ప్రాణం తోకకొచ్చింది.

బండి వయసు అరవై దాటింది. నూజివీడు దగ్గర మామిడితోటల ఆసామి ఒకాయన, తన తండ్రి తిరిగిన బండి అని ముచ్చటపడి, మళ్ళీ కొత్తదానిలా చేయించుకుంటున్నాడు. రంగు అయిపోయింది. లేత పచ్చ రంగులో తలుపులు నిగనిగలాడుతున్నాయి. ఎడమ తలుపు పట్టీ మాత్రం ఏనాడో ఏ ఎడ్లబండి ఇరుసుకో తగిలి ఊడిపోయింది. అసలువి ఇప్పుడు ఎక్కడా దొరకవు. కోయంబత్తూరులో ఎవరో మరో బండి మీది పాత పట్టీని నమూనాగా పెట్టుకుని, అచ్చంగా అలాంటివే కొత్తగా చేసి అమ్ముతున్నారని తెలిసి తెప్పించారు.

చూడ్డానికి దానికీ కుడి తలుపు మీదున్న పాతదానికీ తేడా దాన్ని చేసినవాడికి కూడా తెలీదు. అదే వెడల్పు, మధ్యలో అదే గాడి, చివర అదే చిన్న వంపు. అన్నీ అవే. కూర్చోదు.

బెజవాడ ఆటోనగర్‌లో ఖాసిం మేస్త్రి షెడ్డు అంటే పాత బళ్ళ పిచ్చి ఉన్నవాళ్ళందరికీ తెలుసు. ఆయన ఇంజను జోలికి పోడు. పట్టీలు, పిడులు, ముందు జాలీలు, అద్దాల చుట్టూ రబ్బర్లు, సీట్ల రెక్సిన్లు, ఇవే ఆయన లోకం. "గుండెకాయ సంగతి చూసేవాళ్ళు వేరే ఉన్నారు. మనది మొహం" అంటాడు. ఆయన రేకుతో మాట్లాడినంత మనుషులతో మాట్లాడడని చుట్టుపక్కల షెడ్లవాళ్ళు ఆటపట్టిస్తుంటారు. ఆయన నవ్వి ఊరుకుంటాడు. అంటే దానికి కూడా మాట ఖర్చు పెట్టడు.

నాంచారయ్య ఆయన దగ్గర చేరి పదకొండేళ్ళయింది. ముప్పై నాలుగేళ్ళ మనిషి, మంచి చెయ్యి. ఖాసిం మేస్త్రి తర్వాత ఆ షెడ్డు నడిపేది అతనేనని అందరూ అనేస్తుంటారు, అతనూ అనుకుంటుంటాడు. కానీ ఏడాదిగా ఆ చేతికి నిలకడ తప్పింది. ముట్టుకుంటే విరుగుతున్నాయి, బిగిస్తే గీతలు పడుతున్నాయి. దానికి కారణం షెడ్డులో లేదు, ఇంట్లో ఉంది.

పోయినేడు వానల్లో అతని భార్య శేషుకుమారి జ్వరం వచ్చి తొమ్మిదో రోజున పోయింది. అప్పటికి కూతురు హేమకి నిండా రెండేళ్ళు లేవు. నాలుగు నెలలు గడిచాక పెద్దలు కూర్చున్నారు. పసిపిల్ల పరాయి చేతుల్లో పడకూడదన్నారు. శేషు చెల్లెలు ఝాన్సీని ఇచ్చి చేశారు. మన వైపు ఇదేం కొత్త కాదు. "ఇంటి పిల్లే కదా, ఇల్లు మారదు, మనుషులు మారరు" అని అందరూ తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు. ఝాన్సీని కూడా ఎవరో ఒకరు అడిగే ఉంటారని ఎవరికి వాళ్ళే అనుకున్నారు.

అక్కాచెల్లెళ్ళు అచ్చు గుద్దినట్టుంటారు. గొంతులైతే మరీనూ. వంటింట్లోంచి "అన్నం పెట్టెయ్యనా?" అని వినపడగానే నాంచారయ్య శేషు అనుకుని ఆశగా తలెత్తేవాడు. తలెత్తిన ప్రతిసారీ ఝాన్సీ కనపడేది. రోజుకి నాలుగుసార్లు శేషు కొత్తగా చచ్చిపోయినట్టుండేది అతనికి. ఆ నేరం ఎవరి మీద వేయాలో తెలియక ఝాన్సీ మీద వేశాడు.

చారులో మిరియం తక్కువైందన్నాడు. శేషు ఇలా పెట్టేది కాదన్నాడు. దుప్పటి మడత శేషుది ఒకలా ఉండేది, ఇదొకలా ఉందన్నాడు. పిల్లని జోకొట్టే తీరు కూడా తప్పే అన్నాడు. మొదట్లో ఝాన్సీ దిద్దుకునేది. అక్క ఎలా చేసేదో గుర్తు తెచ్చుకుని మరీ చేసేది. అలా చేసిన రోజున అతనికి ఇంకా ఒళ్ళు మండేది. అలా చేసినా అది శేషు చేసినట్టు ఉండేది కాదు మరి.

పోయిన ఆదివారం హేమ పుట్టినరోజు. నాంచారయ్య బీరువాలోంచి శేషు ఆకుపచ్చ పట్టుచీర తీసి, ఫోటోకి ఇది కట్టుకోమన్నాడు. పిల్లని దగ్గరికి లాక్కుని, "ఇవాళ్టి నుంచి పిన్ని కాదు, అమ్మ అనాలి. ఏదీ, అను" అన్నాడు.

ఝాన్సీ చీర అందుకోలేదు.

"దానికి అమ్మ ఉంది బావా. పోయింది, అంతే. నేను పిన్నినే" అంది.

"మీ అక్కలో పాతికో వంతు లేవు నువ్వు."

అనకూడని మాట. అన్న వెంటనే తెలిసింది. కానీ నోరు జారాక ఇంకేముంది.

ఝాన్సీ ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాంచారయ్య కాళ్ళ మీద పడేవాడేమో. చీర మడత చెదరకుండా తీసి లోపల పెట్టింది. ఫోను తీసి కోడూరులో ఉన్న తండ్రికి చేసింది. "నాన్నా, వచ్చి నన్ను తీసుకెళ్ళిపో" అంది, అతనికి వినపడేట్టుగానే. వచ్చే ఆదివారం వస్తానని ఆయనన్నాడు.

ఆ ఆదివారం రేపే.

వెళ్తే మళ్ళీ రాదని నాంచారయ్యకి లోపల తెలుసు. పిల్లని ఏం చేయాలో తెలీదు. ఉండమని ఏ మొహం పెట్టుకుని అడగాలో అసలే తెలీదు. అది గుర్తొచ్చినప్పుడల్లా పట్టీ మీద రబ్బరు సుత్తి ఇంకాస్త గట్టిగా పడుతోంది.

శనివారం పన్నెండు గంటలకి అతను మూడో మేకుని పట్టకారుతో పక్కకి వంచాడు. నాలుగోదాన్నీ వంచాడు. బెజ్జాల్లోకి బలవంతాన దూర్చి, మోకాలు ఆన్చి, సుత్తితో ఒక్కటిచ్చాడు. పట్టీ మధ్యలో విల్లులా లేచింది. లేచినదాన్ని ఇంకొక్కటిచ్చాడు. టక్కుమంది. అద్దంలాంటి స్టీలు మీద అడ్డంగా ఒక మడత పడింది. అలా మడత పడ్డ పట్టీని ఇక ఎవరూ తిన్నగా చేయలేరు. ఖాసిం మేస్త్రి కూడా.

ఆయన షెడ్డు అవతలి మూల నేల మీద కూర్చుని, కొత్త రబ్బరు ఎండలో పరిచి సాగదీస్తున్నాడు. చప్పుడు విని లేచొచ్చాడు. పట్టీని చూశాడు. మడత మీద బొటనవేలితో ఒకసారి రాశాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

"కొలత తప్పు కాదు గురువుగారూ" అన్నాడు నాంచారయ్య, అడక్కుండానే. "మూడు రోజుల్నుంచీ చూస్తున్నాను. చేసినవాడికి బుద్ధి లేదు. పైకంతా అదే. వెనక్కి తిప్పితే వేరే. దీన్ని దానిలా చేద్దామని నేను చూడటం, ఇది మొండికేయడం. మా ఇంట్లోనూ ఇదే గోల, ఇక్కడా ఇదే గోల."

అనేశాక ఆగలేకపోయాడు. చీర సంగతి చెప్పాడు. పిల్ల సంగతి చెప్పాడు. తను అన్న మాట కూడా, కాస్త తగ్గించి, చెప్పాడు. రేపు మామగారొస్తున్నాడని చెప్పాడు.

"అక్కా చెల్లెళ్ళే గదండీ. ఒకే ఇంట్లో పెరిగారు, ఒకే చేతి ముద్ద తిన్నారు. ఎందుకు గురువుగారూ, ఒక్కటంటే ఒక్కటి కుదరదు?"

ఖాసిం మేస్త్రి అంతా విన్నాడు. ఇప్పుడేదో చెప్తాడని నాంచారయ్య ఎదురుచూశాడు.

"అన్నం తిన్నావా?" అన్నాడు ఆయన.

"లేదండీ."

"తినిరా. ఆకలి మీద మెరిసే వస్తువు ముట్టుకోకూడదు."

అది ఆ షెడ్డులో ఆయన పెట్టిన నియమం. ఇంజనువాళ్ళు ఎలా చచ్చినా ఫరవాలేదు గానీ, పట్టీ పట్టేవాడు కడుపు నిండా తినుండాలి.

నాంచారయ్య క్యారియరు విప్పాడు. అన్నం, వంకాయ కూర, చారు. చారు గిన్నె పక్కన చిన్న కాగితపు పొట్లం. విప్పితే మిరియాల పొడి. తక్కువైతే వేసుకోమని పెట్టిందో, ఇక నీ నోటికి తగ్గట్టు నువ్వే చేసుకో అని పెట్టిందో అతనికి అర్థం కాలేదు. మాటల్లేక ఆరు రోజులైన మనిషి పంపిన పొట్లం. దాన్ని అలాగే మడిచి జేబులో వేసుకుని, చారు ఎలా ఉంటే అలా తాగాడు.

తిరిగొచ్చేసరికి ఖాసిం మేస్త్రి చేతులు సబ్బుతో కడుక్కుని, రెండో పట్టీ తీస్తున్నాడు.

నకలు భాగం ఏది తెప్పించినా ఆయన రెండు తెప్పిస్తాడు. ఒకటి నేర్చుకోవడానికి, ఒకటి బిగించడానికి. షెడ్డులో అందరికీ తెలిసిన సంగతే. నేర్చుకోవడానికి వచ్చిన పట్టీ మడత పడి గోడకి చేరగిలబడి ఉంది. ఈ రెండోది కూడా పోతే ఇంక లేదు. నాంచారయ్యకి గుర్తొచ్చింది షెడ్డు కాదు, ఇల్లు.

"కాగితం టేపు ఇవ్వు" అన్నాడు ఖాసిం మేస్త్రి.

ఇచ్చాడు. ఆయన టేపుని చిన్న చిన్న ముక్కలు చించి, తలుపు మీద ఉన్న ఐదు బెజ్జాల మీదా ఒక్కొక్కటీ అతికించాడు. బెజ్జాలు కనపడకుండా పోయాయి. నున్నటి పచ్చటి తలుపు, దాని మీద ఐదు తెల్లటి ముక్కలు. వెనక్కి తిరిగి పట్టీకున్న మేకుల మరలు విప్పి, ఐదిటినీ ఒక డబ్బాలో వేశాడు. ఇప్పుడు పట్టీ ఒట్టి పట్టీ. దాన్ని రెండు చేతులా పట్టుకుని, నొక్కకుండా, తలుపు మీద ఊరికే ఆన్చాడు. రెండు చివర్లా రెండు టేపు ముక్కలు వేశాడు. అంతే. వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు.

"చూడు."

"ఏం చూడమంటారు?"

"అది ఎక్కడ కూర్చుంటానంటోందో చూడు."

నాంచారయ్య నిలబడి చూశాడు. ఏమీ కనపడలేదు. టీ వచ్చింది, తాగారు. ఖాసిం మేస్త్రి లేచి వెళ్ళి పట్టీ ముందు చివరని ఒక వెంట్రుకవాసి పైకి జరిపి, మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. ఇద్దరూ మళ్ళీ చూశారు. ఎండ తలుపు మీద నుంచి చక్రం మీదికి దిగింది. పక్క షెడ్డులో ఎవరో ఇంజను స్టార్టు చేసి ఆపారు, చేసి ఆపారు.

ఆ తర్వాత ఎప్పుడో నాంచారయ్యకి కనపడింది. ఈ పట్టీ కుడివైపు పాతదానికంటే కాస్త నిండుగా ఉంది. మధ్యలో, మనిషి ఊపిరి పీల్చినప్పుడు ఉండేంత, చిన్న ఉబ్బు. మేకుల దగ్గరికి దాన్ని లాగితే ఆ ఉబ్బు అణిగిపోతుంది. లాగకుండా వదిలేస్తే అది గోరెడు వెనగ్గా, కాస్త కిందగా వాలుతుంది. అలా వాలినప్పుడు చక్రం పైనుండే ముందు రెక్క మీది పట్టీతో, వెనక తలుపు మీది పట్టీతో కలిసి ఒకే గీతలా, ఎక్కడా తెగకుండా పోతోంది. బాగుంది. నిజంగా బాగుంది.

ఇలాంటిదాన్నే మూడు రోజులు చేతుల్లో పెట్టుకుని తిప్పాడు. ఒక్కసారి కూడా దాన్ని చూడలేదు.

"డ్రిల్లు ఇవ్వు" అన్నాడు ఖాసిం మేస్త్రి.

నాంచారయ్య అడ్డొచ్చాడు. "గురువుగారూ! తలుపుకా? అరవై ఏళ్ళ అసలు రేకండీ అది. నిన్నగాక మొన్న రంగేశాం. నిన్న తయారైన పట్టీ కోసం దానికి చిల్లులు పెడతారా?"

ఖాసిం మేస్త్రి తలెత్తాడు.

"బెజ్జాలు ఎవరికున్నాయిరా?"

"తలుపుకి."

"మరి పట్టీని ఎందుకు కొట్టావు?"

నాంచారయ్య డ్రిల్లు తెచ్చి చేతికిచ్చాడు.

పట్టీ ఆనిన చోట, మేకులు వచ్చే తావుల్లో పెన్సిలుతో ఐదు చుక్కలు పెట్టి, పట్టీ తీసి పక్కన పడుకోబెట్టి, ఆయన ఒక్కొక్క బెజ్జమే వేశాడు. రంగు పొరలు పొరలుగా లేచింది. కింద పాత రేకు తెల్లగా బయటపడింది. గుండ్రటి సన్న ఆకురాయితో అంచులు నున్నగా చేశాడు. కుంచెతో ప్రైమరు అద్దాడు. అదంతా చూస్తుంటే నాంచారయ్యకి తన ఒంటికే పెడుతున్నట్టుంది. ఒకటి రెండుసార్లు కళ్ళు మూసుకున్నాడు కూడా.

ఆఖర్న ఆయన పాత బెజ్జాల మీది టేపు పీకేశాడు. కొత్త బెజ్జాల పక్కనే అవి గోరెడు దూరంలో నోళ్ళు తెరుచుకుని కనపడ్డాయి.

"వీటిని పూడ్చేస్తానండీ" అన్నాడు నాంచారయ్య. ఏదో ఒకటి చేయాలనిపించింది అతనికి. "లప్పం పెట్టి రుద్దేస్తే ఉన్నట్టు కూడా తెలీదు."

"ఎందుకూ? ఉండనీ. పట్టీ కింద ఉంటాయిలే." మైనం డబ్బా అతని చేతిలో పెట్టాడు. "తుప్పు పట్టకుండా చూసుకో, చాలు."

నాంచారయ్య మోకాళ్ళ మీద కూర్చుని వేలితో మైనం తీసి ఒక్కొక్క పాత బెజ్జం అంచునా రాశాడు. మొదటిది అయింది. రెండోది అయింది. మూడోదాని దగ్గర కళ్ళు మసకబారాయి. చేతికి మైనం ఉండటంతో భుజానికి తుడుచుకున్నాడు. ఖాసిం మేస్త్రి చూడనట్టు రబ్బరు దగ్గరికి వెళ్ళిపోయాడు.

నాంచారయ్యే పట్టీకి మేకులు మళ్ళీ బిగించి తలుపుకి పెట్టి, అరచేత్తో నొక్కాడు. సుత్తి అక్కర్లేకపోయింది. కూర్చుంది.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి ఝాన్సీ పెట్టె సర్దుకుంటోంది. తన చీరలు నాలుగు, తన పుస్తకాలు రెండు, పెళ్ళికి పుట్టింటివాళ్ళు పెట్టిన గిన్నె. అక్కవి ఒక్కటీ ముట్టుకోలేదు. నాంచారయ్య గుమ్మంలో నిలబడ్డాడు. దారి పొడుగునా కూడగట్టుకున్న మాటలు నాలుక దాటలేదు. అయినా ఆ మాటలన్నీ ఉండమని బతిమాలేవే. పిల్ల కోసమో, పరువు కోసమో, చచ్చిపోయిన మీ అక్క కోసమో ఉండమని. నీకెలా ఉందని అడిగే మాట వాటిలో ఒక్కటీ లేదు. దాంతో వాటిని అలాగే మింగేశాడు.

అన్నం పెట్టింది. తిన్నాడు. ఆ పూట ఎవరి వంటతోనూ పోల్చకుండా తిన్నాడు. బాగానే ఉంది.

పడుకున్నాక ఒకటే ఆలోచన. శేషు పోయిన రోజు అందరూ ఏడ్చారు. మామగారు గుండెలు బాదుకున్నాడు. తను స్పృహ తప్పాడు. ఎవరెవరో వచ్చి తనని పట్టుకున్నారు. ఝాన్సీ ఏడ్చిందా? ఎంత గింజుకున్నా గుర్తు రాలేదు. ఆ రోజు ఆమె ఎక్కడ నిలబడిందో కూడా గుర్తు రాలేదు.

ఆదివారం పది గంటల బస్సుకి మామగారు పాండురంగారావు దిగాడు. ఒక కూతురు పోయి, రెండో కూతురి కాపురం కూడా ఇలా అయిందని మనిషి సగమైపోయి ఉన్నాడు. మంచినీళ్ళు తాగి, కండువాతో మూతి తుడుచుకుని, అల్లుడి వంక చూడలేక నేల చూపులు చూస్తూ మొదలుపెట్టాడు.

"మీరేం మనసులో పెట్టుకోకండి అల్లుడుగారూ. చిన్నపిల్ల. నేను బుద్ధి చెప్తాను. దానికి వాళ్ళక్క ఓర్పు ఎక్కడొచ్చిందీ, వాళ్ళక్కయితేనా..."

"శేషు మాట వద్దు మామయ్యా" అన్నాడు నాంచారయ్య.

ముసలాయన తలెత్తాడు.

"తప్పు నాది. అనకూడని మాట అన్నాను. ఝాన్సీని అడగండి. ఉంటానంటే ఉంటుంది. వెళ్తానంటే నేనే బస్సెక్కిస్తాను. పిల్లని నేను చూసుకుంటాను. తనెలా అంటే అలా."

ఆ మాట వినడం ఆ ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు. పాండురంగారావు అల్లుడి మొహం చూశాడు, ఎగతాళేమోనని. కాదని తేలాక కూతురి వైపు తిరిగాడు. ఝాన్సీ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. హేమ ఆమె చంకలో ఉంది, జడ కొసని నోట్లో పెట్టుకుని. అమ్మాయిని ఎలా అడగాలో ఆ తండ్రికి తెలియలేదు. పెళ్ళప్పుడు కూడా ఆయన అడగలేదు.

"ఏమ్మా?" అన్నాడు చివరికి.

ఝాన్సీ పిల్ల నోట్లోంచి జడ కొస తీసింది. మాట్లాడినప్పుడు గొంతు శేషుది కాదు. నాంచారయ్య ఎప్పుడూ వినని గొంతు.

"ఉండటమో మానడమో తర్వాత చెప్తాను నాన్నా. ముందు నన్ను ఒక పది రోజులు మనింటికి తీసుకెళ్ళు. అక్క పోయాక నేను ఒక్కసారి కూడా ఏడవలేదు."

"అదేంటమ్మా?"

"ఆ రోజు ఇది నా చంకలోనే ఉంది. నేను ఏడిస్తే జడుసుకుంటుందని ఊరుకున్నాను. మీరంతా ఏడుస్తున్నారు, దీన్ని ఎత్తుకునే వాళ్ళు లేరు. తర్వాతన్నా ఏడుద్దామంటే, అందరూ కలిసి నన్నే అక్కని చేశారు." హేమని ఇంకో చంకకి మార్చుకుంది. "అక్క కోసం అక్కే ఎలా ఏడుస్తుంది నాన్నా?"

పాండురంగారావు కండువా మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

నాంచారయ్య లేచాడు. గుమ్మం దగ్గరికి వెళ్ళి రెండు చేతులూ చాచాడు. ఝాన్సీ అతని వంక చూసింది, ఏమిటన్నట్టు. అతను ఆమె చంకలోంచి పిల్లని మెల్లగా తన చేతుల్లోకి తీసుకున్నాడు.

చేతులు ఖాళీ కాగానే ఝాన్సీ అక్కడే, ఆ గుమ్మంలోనే కూలబడింది. ఏడవడానికి పుట్టిల్లు చేరేదాకా కూడా ఆగలేదు. అక్కా, అక్కా అని, ఇరుగుపొరుగు వచ్చి నిలబడేంత గట్టిగా ఏడ్చింది.

ఊరుకోమని ఎవరూ అనలేదు.